కొవ్వాడ అణుకేంద్రం: విదేశీ తనిఖీలపై ఆర్టీఐ ఎలా పెట్టాలి?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం టీకొట్లో, ఇక్కడ కట్టబోయే కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం మాటెత్తితే చాలు, "విదేశీ ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూస్తారట కదా, ఇంక భయమేంటి" అంటారు. వాళ్లు చూసేది అణుపదార్థం లెక్క, ప్లాంటు భద్రత కాదు. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మనుషులు సీళ్లు, కెమెరాలు, ఖాతాలు చూసి అణుపదార్థం బాంబుల వైపు మళ్లిందా అని తేలుస్తారు. ప్లాంటు భద్రత చూసేది మన అణుశక్తి నియంత్రణ మండలి. పైగా ఆ సంస్థతో చేసుకున్న 2009 ఒప్పందం ప్రకారం మన దేశం జాబితాలో చేర్చిన చోట్లకే వాళ్లొస్తారు. వాడేసిన ఇంధనంలోంచి ప్లుటోనియం తీసే తారాపూర్ రీప్రాసెసింగ్ ప్లాంటునైతే విడతలుగా మాత్రమే తనిఖీకి ఇస్తామని, పౌర, సైనిక అణుకేంద్రాలను వేరుచేసే 2006 ప్రణాళికలోనే రాసుకున్నారు.

మరి కొవ్వాడలో వాడేసిన ఇంధనం ఎక్కడికి పోతుంది, అక్కడికి ఇన్‌స్పెక్టర్లు వెళ్లగలరా? ఇది అడగాలంటే కేంద్ర ఆర్టీఐ (సమాచార హక్కు) పోర్టల్‌లో అణుశక్తి విభాగాన్ని ఎంచుకోండి. శ్రీకాకుళం కలెక్టరేట్‌కి వెళ్లకండి, అక్కడ దొరికేది భూసేకరణ ఫైళ్లే. ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉంటే దారిద్ర్యరేఖ పత్రం జతచేసి మానేయొచ్చు. పోర్టల్ గడిలో 3000 అక్షరాలే పడతాయి, తెలుగు టైప్ చేస్తే ఒప్పుకోదు, కాబట్టి పీడీఎఫ్ పెట్టండి, లేదా పోస్టాఫీసులో 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ తీసుకుని, "అకౌంట్స్ ఆఫీసర్" పేరు రాసి, పక్క ముక్క చింపి దాచుకుని, స్పీడ్ పోస్టులో పంపండి. నంబరున్న ఆ ముక్క ఫొటో కూడా తీసుకోండి.

అసలు పని ప్రశ్న రాయడంలో ఉంది. నేను మొదటిసారి "కొవ్వాడ మాకు సురక్షితమేనా" అని అడిగాను. అభిప్రాయం సమాచారం కాదంటూ ఒక్క ముక్కలో జవాబొచ్చింది, పది రూపాయలూ పోయాయి. ఎందుకు అని కాదు, ఫలానా కాగితం కాపీ ఇవ్వండి అని అడగాలి: తనిఖీ కిందున్న కేంద్రాల తాజా జాబితా, కొవ్వాడని అందులో చేర్చడంపై ఉత్తరాలు, వాడేసిన ఇంధనంపై నిర్ణయాల ప్రతులు. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు.

సెక్షన్ 8(1)(ఎ), అంటే దేశ భద్రత, చూపించి తిరస్కరిస్తే టెన్షన్ పడకండి. సెక్షన్ 10 కింద రహస్యం లేని భాగమైనా ఇవ్వమని ముందే దరఖాస్తులో ఒక వాక్యం రాసుంచండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు. అదీ తేలకపోతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కి.