స్టార్టప్‌లో ఆపినా మళ్లీ తెరుచుకునే ప్రోగ్రాం: నాకు పనిచేసిన దారి

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీలోని తెలుగువాళ్లు తరచూ అడుగుతున్నారని రాస్తున్నా. నాది విండోస్ 11 లాప్‌టాప్. లాగిన్ కాగానే, పాత ప్రింటర్‌తో పాటు వచ్చిన ఒక అప్‌డేటర్ విండో తెర మధ్యలో తిష్ఠ వేసేది. పొద్దున స్టాండప్ కాల్ (టీమ్ రోజువారీ చిన్న మీటింగ్) టైమ్‌కి అదో టెన్షన్.

టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ డిసేబుల్ చేశా, సెట్టింగ్స్ చూశా, స్టార్టప్ ఫోల్డర్ వెతికా, లాభం లేదు.

పని చేసింది టాస్క్ షెడ్యూలర్, అంటే ఏ పని ఎప్పుడు దానంతటదే మొదలవ్వాలో చూసుకునే విండోస్ టూల్. కొన్ని ప్రోగ్రాంలు తమ పనిని ఇక్కడ నమోదు చేసుకుంటాయి, అందుకే స్టార్టప్ జాబితాలో కనబడవు. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొట్టి తెరిచా. ఎడమవైపు టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ నొక్కితే మధ్యలో జాబితా వస్తుంది. టాస్క్ ఎప్పుడు మొదలవుతుందో చెప్పే ట్రిగ్గర్స్ కాలమ్‌లో 'ఎట్ లాగాన్' (లాగిన్ కాగానే) అని ఉన్నవే చూశా. టాస్క్ పేరును నమ్మకండి, అది ఏదైనా ఉండొచ్చు. కింద యాక్షన్స్ ట్యాబ్‌లో ఏ ఫైల్ నడుస్తుందో తెలుస్తుంది. నా ప్రింటర్ ఫోల్డర్ అక్కడే బయటపడింది. రైట్ క్లిక్ చేసి డిసేబుల్ కొట్టా. డిలీట్ చేయలేదు, తేడా వస్తే మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు కదా. రీస్టార్ట్ చేస్తే విండో రాలేదు.

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. కొన్ని ప్రోగ్రాంలు సర్వీసులుగా, అంటే తెర వెనక నడుస్తాయి, వాటిని వేరేగా చూడాలి. అప్‌డేట్ తర్వాత టాస్క్ మళ్లీ పుట్టుకు రావచ్చు. టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీలోని మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ లోపలివి మాత్రం నేను ముట్టుకోలేదు. ఆఫీసు లాప్‌టాప్ అయితే ముందు ఐటీ వాళ్లని అడగండి.