రిలీజ్ ముందు టైల్డ్ టెంప్లేట్‌ల మీద చెయ్యి వేస్తున్నారా? ఇవి చూసుకోండి

2డీ గేమ్‌లకి మ్యాపులు తయారుచేసే టైల్డ్ మ్యాప్ ఎడిటర్‌లో ఆబ్జెక్ట్ టెంప్లేట్‌లు (ఒకసారి తయారుచేసి ఎన్ని మ్యాపుల్లోనైనా పెట్టుకునే ఆబ్జెక్టు నమూనాలు) 1.1 వెర్షన్‌తో, 2018 జనవరిలో వచ్చాయి. అంతకుముందు తలుపులు, పెట్టెలు, శత్రువులు అన్నీ కాపీ పేస్టే, ఒక్క విలువ మారాలంటే మ్యాపులన్నీ ఒక్కొక్కటిగా తెరవాల్సిందే. ఇప్పుడు టెంప్లేట్ ఉండే ఒక్క టీఎక్స్ (.tx) ఫైలు మారిస్తే సరిపోతుంది, టెన్షన్ కూడా అక్కడే. టెంప్లేట్ ఎడిటర్‌లో మీరు చేసిన మార్పు దానంతట అదే సేవ్ అయిపోతుంది, "సేవ్ చేయలేదులే" అని మూసేసినా ఫైలు మారిపోయే ఉంటుంది. కాబట్టి ముట్టుకునే ముందు, ఫైళ్ల పాత వెర్షన్లు దాచే గిట్‌లో ఒక కమిట్ వేయండి.

అసలు ప్రమాదం ఓవర్‌రైడ్‌లతో. మ్యాప్‌లో పెట్టిన ఆబ్జెక్టులో ఏ ప్రాపర్టీని చేత్తో మార్చినా అది ఓవర్‌రైడ్ అయినట్టే, ఇక టెంప్లేట్ మాట వినదు. కావాలని మార్చినవైతే సరే, కానీ మౌస్ జారి అంచు పట్టుకుని లాగితే సైజు కూడా అలాగే ఓవర్‌రైడ్ అయిపోతుంది, ఆ సంగతి టెంప్లేట్‌లో సైజు మార్చి, అన్ని తలుపులూ పెరిగాయి ఒక్కటి మాత్రం ఎందుకు పెరగలేదని బుర్ర గోక్కునేదాకా తెలియదు. దానికి మందు ఆబ్జెక్టు మీద రైట్ క్లిక్ చేసి రీసెట్ చేయడమే, కాకపోతే కావాలని పెట్టిన విలువలు కూడా దాంతోపాటు పోతాయి, అందుకని అన్నీ సెలెక్ట్ చేసి గుడ్డిగా రీసెట్ కొట్టకండి.

ఇంతకన్నా దొంగ సమస్య ప్రాపర్టీ పేరు మార్చడం. టెంప్లేట్‌లో 'హెల్త్' 50 అని ఉంది, బాస్‌కి మాత్రం మ్యాప్‌లో 500 ఇచ్చారు అనుకుందాం. టెంప్లేట్‌లో ఆ పేరుని 'ప్రాణం' అని మార్చారంటే బాస్ దగ్గర 500 పాత పేరుతోనే ఉండిపోతుంది, కొత్త పేరుకి టెంప్లేట్‌లోని 50 వస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, బాస్ రెండు దెబ్బలకే చస్తాడు, అంతే! మ్యాపులు ఉండే టీఎంఎక్స్ (.tmx) ఫైళ్లు మామూలు ఎక్స్‌ఎంఎల్ టెక్స్టే కదా, పేరు మార్చే ముందు ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తంలో పాత పేరుని వెతికి చూడండి.

ఫైలు పేర్లు, ఫోల్డర్లు కూడా ఇప్పుడు మార్చొద్దు. మ్యాప్‌లో ఉండేది టీఎక్స్ ఫైలుకి రిలేటివ్ పాత్ మాత్రమే, ఫైలు జరిగితే లింకు తెగుతుంది.

ఇక మీ గేమ్ లోడర్‌కి (మ్యాపు ఫైళ్లని గేమ్‌లోకి చదివే కోడ్‌కి) టెంప్లేట్‌లు అర్థమవుతాయో లేదో ముందే ఒక చిన్న మ్యాప్‌తో తేల్చుకోండి. ఇన్‌స్టెన్స్‌లో, అంటే టెంప్లేట్ నుంచి తెచ్చి మ్యాప్‌లో పెట్టిన ఆబ్జెక్టులో, ఐడీ, టెంప్లేట్ పాత్, ఎక్స్, వై తప్ప పెద్దగా ఏమీ ఉండదు, మిగతాదంతా లోడరే టీఎక్స్ నుంచి తెచ్చుకోవాలి. టైల్ ఆబ్జెక్టు అయితే జీఐడీని (అది ఏ టైల్ బొమ్మో చెప్పే నంబరుని) టెంప్లేట్‌లో రాసిన టైల్‌సెట్ ప్రకారం లెక్కించాలి, మ్యాప్ లెక్కతో చూస్తే పెట్టె ఉండాల్సిన చోట చెట్టు కనిపిస్తుంది. లోడర్‌ని సరిచేసే టైమ్ లేకపోతే ప్రిఫరెన్సెస్‌లోని ఎక్స్‌పోర్ట్ ఆప్షన్లలో 'డిటాచ్ టెంప్లేట్స్' టిక్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి, గేమ్‌కి మామూలు ఆబ్జెక్టులే వెళ్తాయి, మీ అసలు మ్యాపులు టెంప్లేట్‌లతోనే ఉంటాయి. నన్నడిగితే రిలీజ్ వారంలో ఇదే మంచిది.