ఇరవై ఒకటి ఆడదాం – 5వ పాఠం: పదులు తీసేసిన పేక

రెండు పేకలు తీసుకోండి. జోకర్లతో పాటు పదులన్నీ ఏరి పక్కన పెట్టేయండి. జాకీ, రాణి, రాజు జోలికి పోవద్దు. పేకకు 48 చొప్పున 96 ముక్కలు మిగులుతాయి. ఇదే స్పానిష్ 21, అంటే బ్లాక్‌జాక్‌కి (21 దాటకుండా డీలర్‌ని, అంటే ముక్కలు పంచేవాణ్ణి, మించాల్సిన మన ఇరవై ఒకటి ఆటకి) మరో రూపం. స్పెయిన్ పేకలోనూ పదులుండవు, పేరు అందుకే. 1995లో మాస్క్ పబ్లిషింగ్ అనే సంస్థ దీన్ని కాసినోలకు తెచ్చింది. అక్కడ ఆరో ఎనిమిదో పేకలు కలుపుతారు. మారతహళ్ళి ఫ్లాట్‌లో మన ఆదివారం బ్యాచ్‌కి రెండు చాలు.

పందెం ఎప్పటిలాగే చింతగింజలతోనే. బెంగళూరులో కాసినోలు లేవు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను 2025లో పార్లమెంటు చట్టం చేసి మరీ నిషేధించింది. కాబట్టి యాప్ పంపమని నన్ను అడగొద్దు.

పదులు పోతే నష్టం మనకే. రెండు ముక్కల్లో 21 పడే అవకాశం తగ్గుతుంది, డీలర్ 21 దాటిపోవడమూ తగ్గుతుంది. ఆ ఒక్క మార్పే కాసినో వైపు సుమారు 2 శాతం మొగ్గు చూపుతుంది. దానికి బదులుగా కొన్ని వరాలిచ్చారు. మన 21 ఎప్పుడూ గెలుస్తుంది, డీలర్‌కీ 21 వచ్చినా సరే. ఎన్ని ముక్కలు తీసుకున్నాకైనా పందెం డబుల్ చేసుకోవచ్చు. అయిదు ముక్కల్లో 21 వస్తే 2కి 3 వంతున ఇస్తారు, అంటే 10 గింజలకు 15. ఆరు ముక్కలైతే రెట్టింపు, ఏడుకీ ఆపైకీ మూడు రెట్లు. 6-7-8 గానీ 7-7-7 గానీ పడితే 10కి 15, అవి ఒకే గుర్తువైతే రెట్టింపు, మూడూ ఇస్పేట్లయితే మూడు రెట్లు. డబుల్ చేసిన చేతికి మాత్రం ఈ బోనస్‌లు రావు.

ఒక చెయ్యి వేసి చూద్దాం. పందెం 10 గింజలు. మీకు 2, 4 పడ్డాయి; డీలర్ ముందు 7 కనిపిస్తోంది. హిట్ (ఇంకో ముక్క) అడిగితే 3 వచ్చింది, మొత్తం 9. మళ్ళీ హిట్, 6 వచ్చింది, 15. డీలర్ దగ్గర 7 ఉండగా 15తో ఆగే ప్రసక్తే లేదు. ఇంకో ముక్క అడిగితే 6. అయిదు ముక్కల్లో 21! ఇప్పుడు డీలర్ బోర్లా ఉన్న ముక్క తిప్పాడు, 4. పైన రాజు పడింది. అతనికీ 21. బ్లాక్‌జాక్‌లో అయితే ఎవరి గింజలు వారికే. ఇక్కడ మీకు 15 గింజలు వస్తాయి.

మా బ్యాచ్‌లో ఒక తమ్ముడు వెంటనే అడిగాడు: "అన్నా, మనకు 12 ఉండి డీలర్ 4 చూపిస్తే ఆగమని రెండో పాఠంలో చెప్పావు కదా?" చెప్పాను, బ్లాక్‌జాక్‌కి. ఇక్కడ 12తో ఎప్పుడూ ఆగకూడదు. 12ని చెడగొట్టేవి పది విలువున్న ముక్కలే (పదులు, జాకీలు, రాణులు, రాజులు). మామూలు పేకలో అవి 52కి 16, ఇందులో 48కి 12, అంటే నాలుగింట ఒకటి. పైగా డీలర్ బస్ట్ అవుతాడని (21 దాటిపోతాడని) కాచుకు కూర్చోవడానికి అతనికీ పది విలువ ముక్కలు పడేది తక్కువే.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా ఘోరం. డీలర్ ఆసు చూపించినప్పుడు లోపల పది విలువ ఉందని కాసే పక్క పందెం ఇది, గెలిస్తే రెట్టింపు. నాలుగుసార్లు ఒక్కో గింజ కాస్తే సగటున ఒక్కసారి గెలిచి 2 వస్తాయి, మిగతా మూడుసార్లు 3 పోతాయి. నాలుగు గింజలకు ఒకటి హారతి కర్పూరం! బ్లాక్‌జాక్‌లో ఇదే పందానికి పదమూడు గింజలకు ఒకటి పోతుంది. పేరు చూసి మోసపోకండి, ఇందులో భద్రత ఏమీ లేదు.

సరిగ్గా ఆడితే కాసినో మొగ్గు దాదాపు 0.4 నుంచి 0.8 శాతం మధ్యకు దిగుతుంది. ఆసుని 11గా లెక్కేసిన 17 దగ్గర డీలర్ ఆగితే తక్కువ, ఇంకో ముక్క తీసుకుంటే ఎక్కువ. కూర్చునే ముందే టేబుల్ మీద ఏ నియమం రాసుందో చూడాలి. ఆస్ట్రేలియాలో దీని తమ్ముడు లాంటి ఆటను పాంటూన్ అంటారు. అందులో డీలర్ రెండో ముక్కను చివరిదాకా తీసుకోడు, దాంతో డబుల్ లెక్కలు మారిపోతాయి. దాన్ని ఇప్పుడే కలిపేసుకోవద్దు.

వచ్చే పాఠం సరెండర్ (సగం పందెం వదులుకుని ఆ చెయ్యి మానేయడం) మీద. ఈలోగా పదులు లేని పేకతో ఆడి, 12 వచ్చిన ప్రతిసారీ హిట్ కొట్టి, ఎన్నిసార్లు బస్ట్ అయ్యారో కాగితం మీద గీతలు గీసుకుని తీసుకురండి.