ట్యాంకులో పగడం గరికలా పాకుతుంటే

నెల్లూరులో మా హాల్లో ఉన్న 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులోకి జీనియా అనే మెత్తటి పగడం వచ్చినప్పుడు మూడంటే మూడు కాడలు. పసిపిల్లల గుప్పిట్లలా ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటే ఇంటికొచ్చినవాళ్ళు కాఫీ చల్లారిపోయేదాకా దాని ముందే నిలబడేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి ముందు వరస రాళ్ళన్నీ దానివే అయ్యాయి. క్లౌన్ చేపలు దాక్కునే సందు కూడా మూసుకుపోయింది.

నేను చేసిన మొదటి పని కత్తెర తీసుకోవడం. పెద్ద తప్పు. తెగిన ముక్కలు కొట్టుకుపోయి వెనక అద్దం మీద, ట్యాంకు కింద నీళ్ళు శుద్ధయ్యే తొట్టిలో (సంప్), చివరికి పంపు మూతి మీద కూడా మొలిచాయి. పొలంలో గరికను పైపైన కోసినట్టే.

అసలు మన దగ్గర ఈ తలనొప్పి ఎక్కువ కావడానికి ఒక కారణం ఉంది. రాతి పగడాలు, విసనకర్రలా విచ్చుకునే సీ ఫ్యాన్లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో ఉన్నాయి. సముద్రంలోంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. అందుకని ఇళ్ళలో పెంచేవి చాలావరకు మెత్తటి పగడాలే. వాటిలో చవగ్గా దొరికేవి దాదాపు అన్నీ పరుగందుకునే రకాలే. ముందు మీ ట్యాంకులో పాకుతున్నది ఏదో గుర్తుపట్టండి. ఒక్కోదానికి ఒక్కో మందు.

రాయి మీద ఊదారంగు చాప, దాని మీద ఆకుపచ్చ పూలు

ఇది గ్రీన్ స్టార్ పాలిప్స్. ఆ చాపే దీని వేరు. అద్దం మీదికి పాకితే అదృష్టమే. పాత ఏటీఎం కార్డు అంచు దూర్చి నెమ్మదిగా లేపితే దోసె పెనం మీంచి లేచినట్టు పొరగా వచ్చేస్తుంది. గరుకు రాయి మీదైతే అంత తేలిగ్గా రాదు. రాయి బయటికి తీసి, పూలలాంటి ఆ పాలిప్స్ ముడుచుకున్నాక పొర పట్టుకుని లాగి, గుంటల్లో మిగిలినదాని మీద సూపర్ గ్లూ జెల్ గానీ ఎపాక్సీ గానీ పూయండి. వెలుతురు తగలకపోతే చస్తుంది. చిన్న ముక్క మిగిలినా మళ్ళీ మొదలే.

తుంచకపోయినా ఎక్కడపడితే అక్కడ పిల్లలు

కెన్యా ట్రీ. తన కొమ్మల్ని తనే రాల్చుకుంటుంది. రాలినవి ప్రవాహం ఆగే మూలకు చేరతాయి. వారానికోసారి ఆ మూల చూసి, ఇంకా అంటుకోని వాటిని పట్టకారుతో ఏరేయండి. తల్లి చెట్టు రాయితో సహా బయటికి పోతే గొడవ వదులుతుంది.

జీనియా రాయి నుంచి రాయికి నడుస్తోంది

నిజంగానే నడుస్తుంది, పక్క రాయి తగిలితే చాలు. ఆ గుణాన్నే మనం వాడుకోవాలి. పిడికెడంత ఉత్త రాయిని దాని అంచుకు ఆనించి, వెలుతురు బాగా పడే వైపు పెట్టండి. రెండు మూడు వారాల్లో కొన్ని కాడలు దాని మీదికి ఎక్కుతాయి. మధ్యలో వంతెనలా ఉన్న కండను బ్లేడుతో తెంపి ఆ రాయిని తీసేయండి, ఇంకోటి పెట్టండి. నేను దీన్ని ఎర రాయి అంటాను. ఓపిక ఉన్నవాళ్ళకు ఇంతకంటే శుభ్రమైన పద్ధతి లేదు.

ఎర రాయికి లొంగని మొండి మొదళ్ళకు సున్నం. ఒంగోలు మిత్రుడొకడు ఫోన్ చేసి, "అన్నా, కిళ్ళీ కొట్టు సున్నం పెట్టొచ్చా?" అన్నాడు. రెండూ కాల్షియం హైడ్రాక్సైడే, కానీ కొట్టు డబ్బాలో ఇంకేం కలిసిందో ఎవరికి తెలుసు? కెమికల్స్ అమ్మే షాపులో ల్యాబ్ గ్రేడ్ పొడి తెచ్చుకోండి. నాలుగు చుక్కల ఆర్వో నీళ్ళతో తమలపాకుకు రాసేంత చిక్కగా కలిపి, సిరంజిలో నింపి, పంపులన్నీ ఆపి, ముడుచుకున్న మొదలు మీద మూతలా పెట్టండి. ఇరవై నిమిషాలు ఆగి పంపులు వేయండి. దీని పీహెచ్ 12 దాకా ఉంటుంది కాబట్టి చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు ఉండాలి. 200 లీటర్లకు నేను రోజుకు రెండు మి.లీ. దాటించను.

పుట్టగొడుగుల్లా ఉండే మష్రూమ్ పగడాలకూ ఇదే సున్నం. వాటిని మాత్రం ట్యాంకులోనే కోయకండి. పాదంలో చిటికెడు మిగిలినా కొత్తది పుడుతుంది. కోయాల్సే వస్తే రాయి బయటికి తీసి, కింద రాతి పెచ్చుతో సహా ఉలితో లేపాలి.

బొత్తాల్లా గుంపుగా, చుట్టూ వెంట్రుకల్లాంటి అంచు

జోవాంథిడ్‌లు. ఇక్కడ తొందరపడకండి. వీటిలో కొన్నింట్లో, ముఖ్యంగా గోధుమరంగు పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. రాయి మీద వేడినీళ్ళు పోయడం, ఉడకబెట్టడం, ఎండాక బ్రష్‌తో రుద్దడం ఏవీ చేయకండి. ఇలాంటి రాళ్ళను ఉడకబెట్టి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. చేతి మీద గాటు ఉంటే ఆ రోజు పని మానుకోండి. గ్లవ్స్, కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా పంపి, రాయిని రాయిగానే తీసేయడం మేలు.

తీసిన నెలకే మళ్ళీ నిండిపోతోంది

తప్పు పగడానిది కాదు, మన చేతిది. మన ఊళ్ళో రొయ్యకు కరువు లేదు కాబట్టి నేను రోజూ తాజా రొయ్య తరిగి, ఆ రసంతో సహా వేసేవాణ్ణి. పరీక్షిస్తే నైట్రేట్ 40 పీపీఎం, ఫాస్ఫేట్ 0.3. కలుపుకు యూరియా చల్లినట్టే. ముక్కల్ని వడగట్టి, కడిగి, రెండు నిమిషాల్లో తినేంతే వేయడం మొదలుపెట్టాక, నీళ్ళలోని మురికిని నురగగా తీసే స్కిమ్మర్ సరిచేశాక తేడా కనిపించింది. నైట్రేట్ 5-10, ఫాస్ఫేట్ 0.03-0.1 మధ్య ఉంటే చాలు. సున్నాకి దించితే గోధుమరంగు జిగురు పుట్టుకొచ్చి, జీనియానే నయం అనిపిస్తుంది. ఫాస్ఫేట్‌కు 0.03 చదవగలిగే కిట్ కొనండి.

ఆవిరైపోయిన నీటికి బదులు క్యాన్ వాటర్ పోసేవాళ్ళు ఒకసారి నీళ్ళలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్ ముంచి చూడండి. మనకు కావలసింది 0. మైపాడు నుంచి సముద్రపు నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆపేయడం మంచిది. వానలకు కాలువల నీళ్ళన్నీ ఒడ్డుకే చేరతాయి, ఉప్పు తగ్గుతుంది. రొయ్యల చెరువులవాళ్ళు ఉప్పు కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటరే మనకూ సరిపోతుంది, 35 పీపీటీ చూపించాలి.

పీకిన మర్నాడు చేపలు పైకొచ్చి గాలి మింగుతున్నాయి

ఒకేసారి ఎక్కువ చంపారు. చచ్చిన కండ కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. తెగిన మెత్తటి పగడాలు నీళ్ళలోకి విషాలు కూడా వదులుతాయి. వెంటనే 20 శాతం నీళ్ళు మార్చి, నీళ్ళలోని విషాల్ని పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ కొత్తది వేసి, ఎయిర్ పంపు పెట్టండి. ఇకపై వారానికి ఒక్క రాయే. రోహిణి కార్తెలో ఈ పని అసలు పెట్టుకోకండి. నీళ్ళు 30 డిగ్రీలు దాటి, పైగా కరెంటు పోతే ఇక ఏమీ చేయలేం.

తీసినదాన్ని మూతున్న బకెట్‌లో మంచినీళ్ళు పోసి రాత్రంతా ఉంచి, రెండు కవర్లలో కట్టి చెత్తబండిలో వేయండి. కాలువలోనో సముద్రంలోనో మాత్రం వద్దు. వెనిజులా తీరంలో అక్వేరియాల నుంచి బయటపడిన జీనియా కుటుంబపు పగడం ఒకటి అక్కడి దిబ్బల్ని కమ్మేసింది.

ఇప్పుడు మా ట్యాంకులో జీనియా ఒకే ఒక్క రాయి మీద ఉంది. ఇసుక మధ్యలో, చుట్టూ జానెడు ఖాళీ. ఆదివారాలు అంచు దిగిన కాడల్ని వేలితో తడిమి చూస్తాను. ఇసుక మీదికి ఒరిగినదాన్ని ఆ పూటే తీసేస్తాను.