డ్యూయల్ బూట్ కంప్యూటర్‌లో డిఫాల్ట్ ఓఎస్ మార్చడం ఎలా?

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ లాంటి రెండు ఓఎస్‌లు (ఆపరేటింగ్ సిస్టమ్‌లు) ఉండడమే డ్యూయల్ బూట్. మనం ఏదీ ఎంచుకోకపోతే దానంతటదే తెరుచుకునేది డిఫాల్ట్ ఓఎస్. ముందుగా ఒకసారి రీస్టార్ట్ చేసి, ఏ ఓఎస్ కావాలని అడిగే మెనూని గమనించండి. నీలం తెర మీద పెద్ద బటన్లుంటే అది విండోస్ మెనూ. నల్లటి లేదా ఊదా తెర మీద ఒకదాని కింద ఒకటి పేర్లుంటే అది లైనక్స్‌తో వచ్చిన గ్రబ్ అనే బూట్ మెనూ. మెనూ ఎవరిదైతే సెట్టింగ్ కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. గ్రబ్ ఉన్న కంప్యూటర్‌లో విండోస్ సెట్టింగులన్నీ గాలించినా ఫలితం ఉండదు.

విండోస్ మెనూ అయితే రెండు నిమిషాల పని. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎంఎస్‌కాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. బూట్ ట్యాబ్‌లో కావలసిన ఓఎస్‌ను ఎంచుకుని 'సెట్ యాజ్ డిఫాల్ట్', ఆపైన ఓకే నొక్కండి.

గ్రబ్ విషయంలోనే కాస్త జాగ్రత్త కావాలి. లైనక్స్‌లోకి వెళ్లి చూస్తే ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ అనే ఫోల్డర్, అందులో గ్రబ్ అనే ఫైల్ ఉంటాయి. దానికో కాపీ తీసిపెట్టుకుని, టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, నానో అనే ఎడిటర్‌లో తెరవండి. అందులో 'గ్రబ్_డిఫాల్ట్=0' అనే లైను కనిపిస్తుంది. ఇక్కడ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. విండోస్ ఐదో వరుసలో ఉంటే 4 అని రాయాలి. చాలామంది 5 అని రాసేసి, వేరేది తెరుచుకుంటోందేమిటని టెన్షన్ పడతారు. పైగా తర్వాతెప్పుడో మెనూలో కొత్త వరుస చేరితే మళ్లీ లెక్క తప్పుతుంది.

అందుకే అంకె బదులు 'సేవ్డ్' అని రాసి, కింద 'గ్రబ్_సేవ్‌డిఫాల్ట్=ట్రూ' అనే లైను చేర్చడమే నయం. అప్పుడు మీరు కిందటిసారి ఎంచుకున్నదే ఈసారీ తెరుచుకుంటుంది. (ఈ రెండు లైన్లూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, 'సేవ్డ్', 'ట్రూ' చిన్న అక్షరాల్లో, మిగతావి పెద్ద అక్షరాల్లో.) కంట్రోల్ ఓ, ఎంటర్‌తో సేవ్ చేసి, కంట్రోల్ ఎక్స్‌తో బయటికొచ్చేయండి. తర్వాత ఉబుంటు, మింట్ అనే లైనక్స్ రకాల్లో టెర్మినల్‌లో 'సుడో అప్‌డేట్-గ్రబ్' నడపాలి. ఇది మరిచిపోతే ఫైల్‌లో ఎన్ని మార్చినా మెనూ మాత్రం పాతదే.

అసలు మెనూయే రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటుంటే చూడాల్సింది యూఈఎఫ్ఐ (ఓఎస్ కంటే ముందే నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) సెట్టింగులు. ఆన్ చేయగానే ఎఫ్2 లేదా డిలీట్ నొక్కి (కంపెనీని బట్టి కీ మారుతుంది) లోపలికెళ్లి, బూట్ ఆర్డర్‌లో లైనక్స్ పేరును 'విండోస్ బూట్ మేనేజర్' కంటే పైకి జరపండి. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే మాత్రం దాని రికవరీ కీ దగ్గర పెట్టుకున్నాకే ఇందులో చెయ్యి పెట్టండి. ఈ మార్పు తర్వాత విండోస్ ఆ కీ అడగొచ్చు.