గిట్‌కు మీ ఎడిటర్‌ను అలవాటు చేయడం

ఫైళ్లలో చేసిన మార్పుల చిట్టా దాచే గిట్ అనే ప్రోగ్రామ్‌లో నేను మొదటిసారి కమిట్ (అంటే ఒక మార్పును సందేశంతో సహా నమోదు) చేయబోయిన రోజు తెర మీద ఒక ఛ, దానికి ఐత్వం, ఆ పక్కనే దిక్కులేని ఒక ఔత్వం ప్రత్యక్షమయ్యాయి. ఇరవై ఏళ్లకు పైగా విజయవాడలో పుస్తకాలకు డీటీపీ చేస్తూ, ప్రూఫులు దిద్దుతూ బతుకుతున్నదాన్ని. నా చేతి మీదుగా అంత వికారమైన అక్షరం ఎన్నడూ పుట్టలేదు.

జరిగింది ఇది. కమిట్ అని కొట్టగానే, ఆ సందేశం రాయడానికి, టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) విమ్ అనే ఎడిటర్ తెరుచుకుంది. ఫోనులో మా అక్క కొడుకు చెబుతున్నాడు: "పిన్నీ, ముందు ఐ నొక్కు, తర్వాత నీ సందేశం రాసుకో, చివర ఎస్కేప్ నొక్కి కోలన్, డబ్ల్యూ, క్యూ కొట్టి ఎంటర్ చెయ్యి." నేను తెలుగులో సందేశం రాశాను. ఎస్కేప్ మరిచిపోయాను. కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అమరికలోనే ఉండిపోయింది. ఇన్‌స్క్రిప్ట్‌లో కోలన్ ఉన్న చోట ఛ ఉంటుంది, డబ్ల్యూ మీద ఐత్వం, క్యూ మీద ఔత్వం. ఎస్కేప్ గుర్తొచ్చి నొక్కాక మళ్లీ అదే కొట్టాను. ఈసారి అక్షరాలైనా రాలేదు, కీచుమని శబ్దం మాత్రం వచ్చింది. విసుగొచ్చి కిటికీ మూలనున్న అడ్డగుర్తు నొక్కి మూసేశాను. మర్నాడు కమిట్ చేయబోతే "ఈ ఫైలుకు స్వాప్ ఫైలు ఒకటి ఉంది, ఏం చేయమంటారు" అంటూ తెర నిండా హెచ్చరిక. నిన్న నేను సగంలో వదిలేసిన పనికి విమ్ దాచిపెట్టిన నకలు అది.

ఆ గొడవంతా నాదే కాదని తర్వాత తెలిసింది. విమ్ నుంచి బయటికి రావడం ఎలా అని ఒకరు 2012లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో అడిగిన ప్రశ్నను 2017 నాటికి పది లక్షల సార్లకు పైగా చూశారట. విమ్ చెడ్డదని కాదు. బిల్ జాయ్ 1976లో రాసిన వీఐ అనే ఎడిటర్ నుంచి పుట్టిన వంశం అది. చేయి తిరిగినవాళ్లు దాంట్లో చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. నా చేయి మాత్రం వేరే చోట తిరిగింది.

మాలాంటివాళ్లకు గిట్ దేనికంటారా? మా దగ్గర ఒక కథల పుస్తకం అచ్చుకు వెళ్లేలోపు ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్, రచయిత దిద్దిన అసలు ఫైనల్ అని ఫైళ్లు పుట్టుకొస్తాయి. ఏ మార్పు ఎప్పుడు, ఎందుకు చేశామో ఎవరికీ గుర్తుండదు. పేజీలు కట్టకముందు ఉండే యూనికోడ్ టెక్స్టును గిట్‌లో పెడితే ఆ బెడద పోతుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నల్ కోసం దీన్ని మొదలుపెట్టినప్పుడు మా ప్రూఫులు ఆయన మనసులో ఉండి ఉండవు కానీ, మా అవసరానికీ చక్కగా సరిపోయింది.

ఇక పనిలోకి. ఈ కింద ఆదేశాలన్నీ పలికినట్టు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప, మీరు టైపు చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో. అడ్డగీతలు, చుక్కలు, కొటేషన్ గుర్తులు ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి. కీబోర్డు ఇంగ్లీషులో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. నా అనుభవం చదివారు కదా.

ముందుగా, ఇప్పుడు మీ గిట్ ఏ ఎడిటర్‌ను పిలుస్తుందో దాన్నే అడగండి:

గిట్ వార్ గిట్_ఎడిటర్

చివరి మాటంతా పెద్ద అక్షరాల్లో, మధ్యలో కింది గీతతో ఉండాలి. జవాబుగా వీఐ అనో విమ్ అనో వస్తే నా కథే మీకూ జరగబోతోందన్నమాట. విండోస్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఏ ఎడిటర్ కావాలని ఒక పేజీలో అడుగుతుంది. అందులో ముందే ఎంపికై ఉండేది విమ్. నేను చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయాను. ప్రూఫు రీడర్ చేయకూడని పని అది, ఒప్పుకుంటాను.

విండోస్‌లో అన్నిటికంటే తేలిక మార్గం నోట్‌ప్యాడ్:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.ఎడిటర్ నోట్‌ప్యాడ్

గ్లోబల్ అంటే ఈ కంప్యూటర్‌లో మీ పేరున ఉన్న ఖాతాకంతటికీ అని. అది తీసేస్తే మీరు నిలబడి ఉన్న ఒక్క ప్రాజెక్టుకే వర్తిస్తుంది. కంప్యూటర్ బాగా పాతదై, 2018 ముందు నాటి విండోస్ ఉంటే నోట్‌ప్యాడ్ జోలికి పోకండి. లినక్స్ పద్ధతిలో లైన్లు విరిగిన ఫైలును అది ఒకే పొడుగాటి వరుసగా చూపించేది.

నేను రోజంతా వాడేది నోట్‌ప్యాడ్++. దాన్ని పెట్టడంలో రెండో దెబ్బ తిన్నాను. దాని పేరు, చిరునామా మాత్రం ఇచ్చి ఊరుకున్నాను. కమిట్ అనగానే, అప్పటికే తెరిచి ఉన్న నోట్‌ప్యాడ్++లో కొత్త ట్యాబు వచ్చింది. నేను ఇంకా మొదటి మాట రాయకముందే టెర్మినల్‌లో "సందేశం ఖాళీగా ఉంది, కమిట్ రద్దు చేస్తున్నాను" అని గిట్ ప్రకటించేసింది.

ఇది ఎందుకో తెలిస్తే ఏ ఎడిటర్‌నైనా మీరే అమర్చుకోగలరు. గిట్ చేసే పని చాలా సాదా. ప్రాజెక్టులోని .గిట్ ఫోల్డరులో కమిట్_ఎడిట్‌ఎంఎస్‌జీ అనే ఒక ఫైలు రాస్తుంది, ఆ ఫైలు ఇచ్చి మీ ఎడిటర్‌ను లేపుతుంది, ఆ ఎడిటర్ ముగిసేదాకా ఆగుతుంది, ముగిశాక ఫైలు తిరిగి చదువుకుంటుంది. మా ప్రెస్సులో ఒకప్పుడు రచయిత ఇంటికి ప్రూఫులు పట్టుకెళ్లే కుర్రాడు ఉండేవాడు. ఆయన దిద్ది ఇచ్చేదాకా అరుగు మీద కూర్చుంటే దిద్దిన ప్రూఫు వచ్చేది. ఒకసారి పక్కింటివాళ్ల చేతిలో పెట్టి వచ్చేశాడు. ప్రూఫు ఇచ్చేశానన్నాడు, నిజమే, దిద్దినది మాత్రం లేదు. నోట్‌ప్యాడ్++ నాకు చేసిందీ అదే. ముందే తెరిచి ఉన్న కిటికీకి ఫైలు అప్పగించి, కొత్తగా లేచినది వెంటనే ముగిసిపోయింది. గిట్ పని అయిపోయిందనుకుంది.

కనుక దానికి విడిగా, కొత్త కిటికీలో లేవమని చెప్పాలి:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.ఎడిటర్ "'సి:/ప్రోగ్రామ్ ఫైల్స్/నోట్‌ప్యాడ్++/నోట్‌ప్యాడ్++.ఎక్స్‌ఈ' -మల్టీఇన్‌స్ట్ -నోట్యాబ్‌బార్ -నోసెషన్ -నోప్లగిన్"

మల్టీఇన్‌స్ట్‌లో ఇన్‌స్ట్ మొదటి అక్షరం ఐ, నోప్లగిన్‌లో పి పెద్ద అక్షరాలు. బయట జంట కొటేషన్లు, లోపల చిరునామాకు ఒంటి కొటేషన్లు. ప్రోగ్రామ్‌కూ ఫైల్స్‌కూ మధ్య ఖాళీ ఉంది కాబట్టి లోపలివి లేకపోతే అక్కడితో చిరునామా తెగిపోతుంది. మల్టీఇన్‌స్ట్ అసలు ప్రాణం. మిగతా మూడూ ట్యాబుల వరుస, పాత ఫైళ్లు, ప్లగిన్లు లేకుండా తేలిగ్గా తెరవడానికి.

వీఎస్ కోడ్ వాడేవాళ్లకు అదే సూత్రం, ఇంకా చిన్నగా:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.ఎడిటర్ "కోడ్ --వెయిట్"

ఆ వెయిట్ లేకపోతే మళ్లీ పక్కింటివాళ్ల కథే. ఇక్కడ కిటికీ మొత్తం మూయక్కర్లేదు, సందేశం రాసి సేవ్ చేసి ఆ ట్యాబు మూస్తే చాలు. మ్యాక్‌లో టెర్మినల్‌కు కోడ్ అనే మాట తెలియదంటే, వీఎస్ కోడ్ కమాండ్ పాలెట్‌లో షెల్ కమాండ్ అని వెతికి, కోడ్ ఆదేశాన్ని పాత్‌లో ఇన్‌స్టాల్ చేసే వరుసను ఒకసారి నొక్కండి.

సబ్‌లైమ్ టెక్స్ట్ అయితే "సబ్ల్ -ఎన్ -డబ్ల్యూ". ఇక్కడ సబ్ల్ అంటే ఎస్, యు, బి, ఎల్ నాలుగే అక్షరాలు. ఉబుంటులో చాలావరకు ముందే నానో వస్తుంది, అది కింద తన మీటలు తానే చూపిస్తుంది: కంట్రోల్ ఓ నొక్కి ఎంటర్ చేస్తే సేవ్, కంట్రోల్ ఎక్స్ నొక్కితే బయటికి. అక్కడ నానో కాకుండా వేరేదేదో తెరుచుకుంటుంటే పై ఆదేశంలోనే చివర నానో అని పెట్టండి.

సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి ఉత్తుత్తి కమిట్లు చేయకండి. ఇది కొట్టండి:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ --ఎడిట్

మీ అమరికల ఫైలు మీ ఎడిటర్‌లో తెరుచుకోవాలి. అందులో కోర్ అనే శీర్షిక కింద మీరు పెట్టిన ఎడిటర్ పేరు కనిపించాలి. టెర్మినల్ మాత్రం మీరు ఆ ఫైలు మూసేదాకా కదలకుండా కూర్చోవాలి. కదిలిందంటే ఎక్కడో ఆగమని చెప్పలేదన్నమాట.

అన్నీ సరిగ్గా పెట్టినా విమ్ తెరుచుకుంటోందా? గిట్ ఎడిటర్ కోసం వెతికే వరుస ఒకటుంది. మొదట గిట్_ఎడిటర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (టెర్మినల్ గుర్తుంచుకునే ఒక అమరిక), తర్వాత మనం పెట్టిన కోర్.ఎడిటర్, ఆపైన విజువల్, ఎడిటర్ అనే మరో రెండు వేరియబుళ్లు, ఏదీ లేకపోతే వీఐ. మా అక్క కొడుకు నాకు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో, టెర్మినల్ తెరవగానే చదివే బాష్‌ఆర్‌సీ అనే అమరికల ఫైలులో గిట్_ఎడిటర్ అని ఒక వరుస రాసి మరిచిపోయాడు. నేను కోర్.ఎడిటర్‌ను ఎన్నిసార్లు మార్చినా పై అధికారి సంతకం అక్కడుంటే నా అర్జీ ఏం చెల్లుతుంది? ఆ వరుస తీసేసి కొత్త టెర్మినల్ తెరిస్తే దారికొచ్చింది. అలాంటిదేమీ లేకపోతే, ఆ ప్రాజెక్టులోనే ఎవరో విడిగా ఎడిటర్ పెట్టి ఉంటారు. గ్లోబల్ దాని ముందు ఆగదు. ఏ ఫైలు నుంచి వస్తోందో ఇది చెబుతుంది:

గిట్ కాన్ఫిగ్ --షో-ఆరిజిన్ --గెట్ కోర్.ఎడిటర్

గిట్ లాంటి పనే చేసే సబ్‌వెర్షన్ వాడే చోట ఉంటే అక్కడ ఎస్‌వీఎన్_ఎడిటర్ (ఇదీ పెద్ద అక్షరాల్లో) అనే వేరియబుల్ పెట్టుకోవాలి. అలాంటిదే మరొకటైన మెర్క్యూరియల్‌కు దాని అమరికల ఫైలులో యూఐ శీర్షిక కింద ఎడిటర్ అని రాయాలి.

ఎప్పుడైనా పరాయి కంప్యూటర్‌లో విమ్‌లో చిక్కుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎస్కేప్ నొక్కి, కోలన్, సి, క్యూ, ఎంటర్. ఇది "పని చెడింది" అని గిట్‌కు చెప్పి బయటికి వస్తుంది, కమిట్ ఆగిపోతుంది. చాలామంది చెప్పే కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం మామూలు కమిట్‌కు సరిపోతుంది. కానీ చివరి కమిట్‌ను --అమెండ్ అని పెట్టి సవరిస్తున్నప్పుడు ఫైలులో పాత సందేశం ఎలాగూ ఉంటుంది కనుక, సేవ్ చేయకుండా వచ్చినా గిట్ దాన్నే తీసుకుని పని ముగించేస్తుంది. రద్దు చేశాననుకుని మీరు టీ తాగడానికి వెళ్తారు.

ఒక్క వరుస సందేశానికి కమిట్ ఆదేశంలోనే -ఎం అని పెట్టి అక్కడే రాసేయవచ్చు కదా అని మా వాడి వాదన. నేనూ కొన్నాళ్లు అలాగే చేశాను. చిట్టా తీసి చూస్తే "ప్రూఫు దిద్దాను", "ప్రూఫు దిద్దాను", మళ్లీ "ప్రూఫు దిద్దాను". ఇప్పుడు ఎడిటర్‌లో తీరిగ్గా రాస్తున్నాను: "మూడో కథలో చేసికొని అనే రూపాలను ఉన్నట్టే ఉంచాను. రెండో ప్రూఫులో నేను చేసుకొని అని మార్చితే రచయిత ఒప్పుకోలేదు, ముసలమ్మ మాటల్లో అలాగే ఉండాలన్నారు." ఆర్నెల్ల తర్వాత రెండో ముద్రణకు ఇంకొకరు ఆ ఫైలు తెరిస్తే చేయి పెట్టకుండా ఉంటారు.

ఇంత తెలుగు రాయాలంటే టెర్మినల్‌లోని ఎడిటర్లు నాకు పనికిరావు. చాలా టెర్మినళ్లలో ఒత్తులు ఊడి పక్కకు పడతాయి, కర్సరు ఒక చోట కనబడి ఇంకో చోట దిద్దుతుంది. విడి కిటికీలో తెరుచుకునే ఎడిటర్‌ను ఎంచుకోవడానికి నా అసలు కారణం అదే. సందేశం యూనికోడ్‌లో ఉంటే గిట్‌కు తెలుగుతో ఏ పేచీ లేదు. ఫైళ్ల పేర్లతోనే కాస్త పేచీ: కథ అని పేరు పెడితే గిట్ స్టేటస్ ఆదేశానికి జవాబులో \340\260\225\340\260\245 అని చూపిస్తుంది. క, థ ఒక్కొక్కటీ మూడేసి బైట్లు, వాటి లెక్క అది. కోర్.కోట్‌పాత్‌ను ఫాల్స్ అని పెడితే కథ కథలాగే కనిపిస్తుంది.

ఇంకొకటి, సందేశంలో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసలను గిట్ తన వ్యాఖ్యలనుకుని తుడిచేస్తుంది. కథల నంబర్లకు ముందు హ్యాష్ పెట్టే అలవాటుతో నేను రెండు సందేశాలు పోగొట్టుకున్నాను. కోర్.కామెంట్‌చార్ అని పెట్టి ఆ గుర్తును సెమీకోలన్‌గా మార్చుకున్నాక ఆ బాధ లేదు.

పోయిన సంక్రాంతికి మా వాడు వచ్చి నా కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో దిద్ది కమిట్ చేశాడు. నోట్‌ప్యాడ్++ తెరుచుకుంది. చకచకా రాసి, అలవాటు చొప్పున ఎస్కేప్ నొక్కి, కోలన్, డబ్ల్యూ, క్యూ కొట్టి, ఏమీ జరగకపోయేసరికి తికమకపడి సేవ్ చేసి మూసేశాడు. "పిన్నీ, ఈసారికి విమ్ కావాలంటే కమిట్ ముందు గిట్_ఎడిటర్=విమ్ అని పెట్టి కొడితే ఆ ఒక్కసారికే వస్తుంది, నీ అమరిక చెడదు" అని నాకు పాఠం చెప్పాడు. విండోస్‌లో గిట్‌తో పాటే వచ్చే గిట్ బాష్ అనే టెర్మినల్‌లో ఆ చిట్కా నిజంగానే పనిచేస్తుంది. అతను వెళ్లాక చిట్టా తీసి చూస్తే, అతని సందేశం చివర కోలన్, డబ్ల్యూ, క్యూ భద్రంగా ఉన్నాయి. అమెండ్ చేయమని నేను చెప్పలేదు.