క్రాప్ సెన్సార్ కెమెరాకు ప్రైమ్ లెన్స్: ముందు మీ గదిని కొలవండి

కెమెరాతో పాటు వచ్చిన 18–55 మి.మీ. కిట్ లెన్స్‌తో కొంతకాలం ఫోటోలు తీశాక చాలామందికి రెండు లోటులు కనిపిస్తాయి. సాయంత్రం ట్యూబ్‌లైట్ వెలుతురులో తీసిన ఫోటోలు గరుకుగానో, కదిలినట్లుగానో వస్తాయి. మనిషి వెనుక ఉన్న బీరువా, క్యాలెండరు, స్విచ్ బోర్డు మనిషితో సమానంగా స్పష్టంగా పడతాయి. రెంటికీ ప్రైమ్ లెన్స్ (జూమ్ లేకుండా ఒకే ఫోకల్ లెంగ్త్, అంటే మి.మీ.లలో రాసే ఒకే అంకె ఉండే లెన్స్) కొనుక్కోవాలని, అందులోనూ 50 మి.మీ. ఎఫ్ 1.8 అయితే చవకని తెలిసినవారు సలహా ఇస్తారు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ లోపలి రంధ్రం (అపెర్చర్) అంత ఎక్కువగా తెరుచుకుంటుంది. ప్రైమ్ కొనమన్నంత వరకు ఆ సలహా మంచిదే. 50 మి.మీ. మాట మాత్రం ఫిల్మ్ కెమెరాల కాలం నుంచి వస్తున్న అలవాటు కాబట్టి, క్రాప్ సెన్సార్ (ఫిల్మ్ కంటే చిన్న సెన్సార్) ఉన్నవారు దాన్ని ఒకసారి కొలిచి చూసుకున్న తరువాతే ఒప్పుకోవాలి.

ఫిల్మ్ అంత ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ కొలత 36 × 24 మి.మీ. నికాన్, సోనీ, ఫుజీఫిల్మ్ క్రాప్ కెమెరాలలో అది సుమారు 23.5 × 15.6 మి.మీ. ఉంటుంది, కెనాన్‌లో ఇంకొంచెం చిన్నది, సుమారు 22.3 × 14.9 మి.మీ. లెన్స్ సృష్టించే బింబం మారదు, అందులో నడిమి భాగాన్ని మాత్రమే చిన్న సెన్సార్ తీసుకుంటుంది. అందుకే 50 మి.మీ. లెన్స్ నికాన్ క్రాప్ బాడీ మీద ఫుల్ ఫ్రేమ్‌లోని 75 మి.మీ. చూపినంత దృశ్యాన్ని, కెనాన్ మీద 80 మి.మీ. చూపినంత దృశ్యాన్ని మాత్రమే చూపిస్తుంది. క్రాప్ కోసమే తయారైన లెన్స్ మీద ముద్రించిన అంకెలో ఈ లెక్క ముందే కలిసి ఉంటుందని కొందరు అనుకుంటారు, అది పొరపాటు. నికాన్ డీఎక్స్ అయినా, కెనాన్ ఈఎఫ్-ఎస్ అయినా లెన్స్ మీద ఉండేది అసలు ఫోకల్ లెంగ్తే, గుణించుకోవలసినది మనమే.

అయితే లెన్స్ ఎంచుకునేటప్పుడు ఈ 75, 80 అంకెల కంటే అడుగుల లెక్క ఎక్కువ పనికి వస్తుంది. సెన్సార్ పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, వచ్చినదాన్ని దూరంతో గుణిస్తే ఆ దూరంలో ఫ్రేమ్ పొడవు వైపు ఎంత పడుతుందో తెలుస్తుంది. నిలబడిన మనిషిని తల పైన, కాళ్ల కింద కాస్త ఖాళీతో నిలువు ఫ్రేమ్‌లో పట్టాలంటే ఆరున్నర అడుగులు కావాలి. నికాన్ లేదా సోనీ క్రాప్ బాడీ మీద అందుకు 50 మి.మీ.తో దాదాపు 14 అడుగుల దూరం జరగాలి, 35 మి.మీ.తో 10 అడుగులు కావాలి, 24 మి.మీ.తో ఏడు అడుగుల లోపే సరిపోతుంది. కెనాన్ మీద 50 మి.మీ.కు ఇంకో అడుగు దాకా కలుపుకోవాలి.

ఇప్పుడు ఇంట్లోని 10 × 12 అడుగుల గదిని గుర్తు చేసుకోండి. మంచం, బీరువా పోగా గోడకు వీపు ఆనించి నిలబడినా ఎదుటి మనిషికీ మనకూ మధ్య మిగిలేది ఎనిమిది తొమ్మిది అడుగులు. ఆ గదిలో 50 మి.మీ. లెన్స్‌తో మోకాళ్ల దాకా కూడా పడని ఫోటోలే వస్తాయి. పెళ్లిలో తలంబ్రాలు పోసుకునే ఘట్టాన్ని తీసుకున్నా అంతే. పీటల చుట్టూ బంధువులు మూగిన తరువాత ఆరడుగుల దూరంలో నిలబడగలిగితే అదృష్టం. ఆరడుగుల నుంచి 50 మి.మీ. అడ్డం ఫ్రేమ్‌లో మూడడుగుల కంటే తక్కువ వెడల్పు పడుతుంది కనుక వధువు ముఖం పడితే వరుడి చేతులు పడవు. అదే చోట 35 మి.మీ. నాలుగు అడుగులు చూపిస్తుంది, ఇద్దరూ బిగుతుగా సరిపోతారు, 24 మి.మీ. ఆరడుగులు చూపిస్తుంది కాబట్టి పక్కన నిలబడినవారు కూడా వస్తారు. ఇంట్లో, వేడుకల్లో, పిల్లల వెంట తిరుగుతూ తీసేవారికి మొదటి ప్రైమ్‌గా 35 మి.మీ. తీసుకోమని నేను చెప్పేది ఈ లెక్క వల్లనే.

50 మి.మీ. పనికిరాదని దీని అర్థం కాదు. తల, భుజాలు మాత్రమే ఉండే నిలువు ఫోటోకు దానితో అయిదారు అడుగుల దూరం చాలు. ముఖం సహజంగా కనిపించేది కూడా ఇంచుమించు ఆ దూరం నుంచే. అదే ఫోటోను 24 మి.మీ.తో తీయాలంటే రెండున్నర అడుగుల దగ్గరికి వెళ్లాలి, అప్పుడు ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్లుగా కనిపిస్తాయి. ఈ వికారానికి కారణం లెన్స్ కాదు, మనం నిలబడిన దూరం. ముఖచిత్రాలు, ముందు వరుసలో కూర్చుని తీసే నాట్య ప్రదర్శనలు, పెరట్లో లేదా మేడ మీద తీసే ఫోటోలు ఎక్కువైతే 50 మి.మీ. కొనుక్కోవడమే సరైనది. దాని ఫోకస్ లోతును మాత్రం మనసులో ఉంచుకోవాలి. ఎఫ్ 1.8 దగ్గర, రెండు మీటర్ల దూరంలో స్పష్టంగా ఉండేది మొత్తం 11 సెంటీమీటర్లే. ఒక మీటరుకు వస్తే మూడు సెంటీమీటర్లకు లోపే. మనిషి కొంచెం పక్కకు తిరిగి ఉంటే ఒక కన్ను స్పష్టంగా, రెండవది మసకగా వస్తుంది. అందువల్ల ఫోకస్ పాయింటును దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టాలి, ఇద్దరు ముగ్గురు ఉంటే ఎఫ్ 4కు మార్చుకోవాలి.

ఇక వెలుతురు సంగతి. కిట్ లెన్స్ 50 మి.మీ. దగ్గర ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 1.8 లెన్స్ దానికి దాదాపు పదింతల వెలుతురును లోపలికి రానిస్తుంది. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400 పెట్టవలసిన చోట 640 సరిపోతుంది. 24 మి.మీ. ఎఫ్ 2.8 లెన్స్‌లో ఇంత లాభం ఉండదు, ఎందుకంటే ఆ ఫోకల్ లెంగ్త్ వద్ద కిట్ లెన్సే ఎఫ్ 4 వరకు తెరుచుకుంటుంది, తేడా రెండింతలే. చిన్నదిగా, తేలికగా ఉండాలనుకుంటే దాన్ని కొనవచ్చు గాని, చీకటిని జయించడానికి కొంటే నిరాశ తప్పదు. ఇంకొకటి: కిట్ లెన్స్‌లో ఉండే వణుకు నివారణ చాలా ప్రైమ్ లెన్సుల్లో ఉండదు. 50 మి.మీ.తో చేతిలో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ సెకనులో 80వ వంతుకు తగ్గకూడదు, పరుగెత్తే పిల్లలకు 200వ వంతైనా ఉండాలి.

డబ్బు పెట్టే ముందు ఉన్న లెన్స్‌తోనే పరీక్ష చేసుకోవచ్చు. కిట్ లెన్స్ జూమ్ రింగును 35 దగ్గర పెట్టి, కదలకుండా టేపు అంటించి ఒక ఆదివారమంతా దానితోనే తీయండి. మరుసటి వారం 50 దగ్గర. ఏ వారం ఎక్కువసార్లు గోడకు వీపు తగిలిందో, ఏ వారం ఎక్కువసార్లు ముందుకు నడవవలసి వచ్చిందో మీకే తెలుస్తుంది. పాత ఫోటోల వివరాల్లో ఫోకల్ లెంగ్త్ కూడా నమోదై ఉంటుంది కాబట్టి నచ్చినవి తీసి చూడండి. అందులో 18 ఎక్కువగా కనిపిస్తే వెంటనే నమ్మవద్దు. జూమ్ తిప్పకుండా తీసే బద్ధకం కూడా దానికి కారణం కావచ్చు.

ఆ తరువాత మౌంట్ (లెన్స్ కెమెరా బాడీకి బిగుసుకునే అమరిక) చూసుకోవాలి. నికాన్ డీ3500, డీ5600 వంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవకగా దొరికే పాత ఏఎఫ్ 50 మి.మీ. ఎఫ్ 1.8డీ వాటికి బిగుస్తుంది కాని ఆటోఫోకస్ పనిచేయదు. ఏఎఫ్-ఎస్ అని ఉన్నదే తీసుకోవాలి; 2009లో వచ్చిన ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 మి.మీ. ఎఫ్ 1.8జీ ఇప్పటికీ ఈ బాడీలకు నా మొదటి ఎంపిక. సోనీలో ‘ఈ’ (E) రకం 35 మి.మీ. ఎఫ్ 1.8 ఓఎస్ఎస్, ‘ఈ’ రకం 50 మి.మీ. ఎఫ్ 1.8 ఓఎస్ఎస్ రెండింటిలోనూ వణుకు నివారణ ఉంది. ధర చూసి వాటి బదులు ఫుల్ ఫ్రేమ్ ఎఫ్ఈ 50 మి.మీ. ఎఫ్ 1.8 కొంటే అది ఉండదు. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఉన్నవారు సిగ్మా 30 మి.మీ. ఎఫ్ 1.4ను కూడా చూడాలి. కెనాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) వారికే చిక్కు: ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం చవక, ఈఎఫ్ 35 మి.మీ. ఎఫ్ 2 ఐఎస్ ఖరీదు, ఈఎఫ్-ఎస్ 24 మి.మీ. ఎఫ్ 2.8 ఎస్‌టీఎం చవకే గాని వెలుతురు లాభం పైన చెప్పినంతే. ఇల్లు ఇరుకైతే ఫ్లాష్‌ను పైకప్పు వైపు తిప్పి 24 వాడుకోవడం నయం. రేపు ఫుల్ ఫ్రేమ్ కొంటానన్న ఆలోచనతో ఈరోజు ఇరుకు గదిలో 50తో అవస్థ పడటం మాత్రం నాకు అర్థం కాదు.

పాత లెన్స్ కొనేటప్పుడు దాన్ని బాడీ నుంచి తీసి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి రెండవ వైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటి గీతలు కనిపిస్తే అది ఫంగస్, ఎంత చవకైనా వద్దు. సముద్రతీర పట్టణాల్లో వాడిన లెన్సుల్లో దీన్ని మరింత జాగ్రత్తగా వెదకాలి. అపెర్చర్ రెక్కల మీద నూనె మెరుస్తుంటే అది కూడా వద్దు. కొత్తదైనా పాతదైనా డీఎస్ఎల్ఆర్ మీద ఎఫ్ 1.8లో అక్షరాలున్న ఒకే డబ్బాను వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూతో (వెనుక తెర మీద చూస్తూ) ఒకసారి ఫోకస్ చేసి తీసి, తెర మీద పెద్దది చేసి పోల్చండి. లైవ్ వ్యూలో పదునుగా వచ్చి వ్యూఫైండర్‌లో ప్రతిసారీ మసకగా వస్తుంటే ఫోకస్ ముందుకో వెనక్కో పోతున్నదన్నమాట. దాన్ని సరిచేసుకునే సదుపాయం ప్రారంభ స్థాయి బాడీల్లో ఉండదు కనుక ఆ లెన్స్‌ను దుకాణంలోనే తిరిగి ఇచ్చి, అదే రకంలో మరొకటి తీయించి ఇదే పరీక్ష మళ్లీ చేయండి.